విండోస్ పోకుండా లినక్స్ రావాలంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. పాత కంప్యూటర్ విండోస్ 11 తీసుకోనంటోంది. పారేయడానికి మనసొప్పడం లేదు, పక్కన లినక్స్ (విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపే ఉచిత సిస్టమ్) వేసుకోవచ్చా అని అడిగారు. అందుకే ఈసారి మిగతా విషయాలన్నీ పక్కన పెట్టి, ఈ ఒక్కదానికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నా ల్యాప్‌టాప్ 2015లో కొన్నది. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఇందులో నేను లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, అది విండోస్‌లో తప్ప నడవదు. పిల్లల ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయి. లినక్స్ కూడా వేసుకో అక్కా అని మా తమ్ముడు పోరుతున్నాడు. ఉన్నది కాస్తా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ భయంలో అర్థముంది. లినక్స్ వేయడం పెద్ద పనేం కాదు. విండోస్‌కి దెబ్బ తగలకుండా వేయడమే అసలు పని, అందులో ముప్పాతిక వంతు ఇన్‌స్టాలర్ తెరవక ముందే జరగాలి.

ముందు ఫొటోల సంగతి చూడండి. 'బ్యాకప్ ఉంది, డీ డ్రైవ్‌లో పెట్టాను' అనేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. సీ, డీ, ఈ అన్నీ ఒకే డిస్క్ మీద చేసుకున్న వాటాలు (పార్టిషన్లు). డిస్క్ పోయినా, ఇన్‌స్టాలర్‌లో ఒక్క క్లిక్ తప్పినా అన్నీ కలిసే పోతాయి. కాబట్టి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. చేశాక దాన్ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి, నాలుగైదు ఫొటోలు, ఒకటో రెండో వీడియోలు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. లెక్కల సాఫ్ట్‌వేర్‌కి ఫోల్డర్ కాపీ చేసి ఊరుకోకండి. దానిలోనే బ్యాకప్ ఆప్షన్ ఉంటే దాంతో కూడా ఒక కాపీ తీయండి.

తర్వాత డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి తెరిస్తే పైన ఎడమవైపు ఒక రంగు గడి కనిపిస్తుంది. నీలం రంగులో 'గుడ్' అని ఉంటే పర్వాలేదు. పసుపులో 'కాషన్' అని ఉంటే మాత్రం ఆ డిస్క్‌ని ముట్టుకోకండి. చెడిపోతున్న డిస్క్ మీద పార్టిషన్ మార్చడమంత ప్రమాదం ఇంకోటి లేదు. ముందు డిస్క్ మార్చాలి.

డిస్క్ బాగానే ఉన్నా సరే, ఒక మాట గట్టిగా చెప్తాను. మీ ల్యాప్‌టాప్ నిదానంగా ఉండటానికి విండోస్ కన్నా ఆ తిరిగే హార్డ్ డిస్కే పెద్ద కారణం. దాని స్థానంలో రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ వేసి, వీలైతే ర్యామ్ 8 జీబీ చేయించుకోండి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా రాని తేడా దాంతో వస్తుంది. ఇందులో ఇంకో లాభం ఉంది. పాత డిస్క్‌లో ఉన్నదంతా ఎస్ఎస్‌డీ మీదికి క్లోన్ చేసి (ఉన్నది ఉన్నట్టు నకలు తీసి), పాతదాన్ని తీసి అలాగే బీరువాలో పెట్టేస్తే, ఏం జరిగినా వెనక్కి వెళ్లే దారి మీ చేతిలో ఉంటుంది.

ఇప్పుడు విండోస్‌లో చేయాల్సిన పనులు. స్టార్ట్‌లో 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' అని వెతికి తెరవండి. అందులో 'బయోస్ మోడ్' అనే వరుసలో యూఈఎఫ్ఐ అని ఉందా, లెగసీ అని ఉందా రాసి పెట్టుకోండి. ఆన్ చేయగానే కంప్యూటర్ మొదలయ్యే (బూట్ అయ్యే) పద్ధతులివి, మొదటిది కొత్తది, రెండోది పాతది. ఆ మొదట నడిచే ప్రోగ్రామ్ సెట్టింగుల్నే బయోస్ అంటాం. లినక్స్ పెన్‌డ్రైవ్‌ని కూడా సరిగ్గా అదే మోడ్‌లో బూట్ చేయాలి. ఈ ఒక్కటీ చూసుకోక తర్వాత తలపట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ కానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ కానీ ఆన్‌లో ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది. బూట్ పద్ధతి మారిందని అనుమానం వస్తే విండోస్ ఆ కీ అడుగుతుంది, అది లేకపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు. దాన్ని కాగితం మీద రాసుకోండి. అదే కంప్యూటర్‌లో సేవ్ చేసుకుంటే ఆ రోజున ప్రయోజనం ఉండదు.

'ఫాస్ట్ స్టార్టప్' ఆపేయండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో, పవర్ బటన్ నొక్కితే ఏం జరగాలో ఎంచుకునే పేజీలో ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నంతకాలం, షట్‌డౌన్ చేశామని మనం అనుకున్నా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, డిస్క్ తాళం తన దగ్గరే ఉంచుకుంటుంది. అప్పుడు లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లోని ఫైళ్లు చదవగలరు కానీ ఏమీ రాయలేరు.

జాగా ఎప్పుడూ విండోస్ నుంచే ఖాళీ చేయాలి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, పెద్ద డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి 'ష్రింక్ వాల్యూమ్' ఇవ్వండి. లినక్స్‌లో చాలా రకాలున్నాయి, నేను చెప్పేది లినక్స్ మింట్ అనే రకం. దాన్ని వేసుకోవడానికి 20 జీబీ సరిపోతుంది కానీ, హాయిగా వాడుకోవాలంటే 60 నుంచి 100 జీబీ ఇవ్వండి. వచ్చిన ఖాళీ 'అన్‌ఎలొకేటెడ్' అని నల్ల గీతతో కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలేయండి. 'న్యూ సింపుల్ వాల్యూమ్' చేయకండి. లెగసీ మోడ్‌లో ఉన్న ఎంబీఆర్ (పాత పద్ధతి పార్టిషన్ పట్టిక) డిస్క్‌లకు నాలుగు ప్రైమరీ పార్టిషన్లే హద్దు. అవి అప్పటికే నిండి ఉంటే విండోస్ 'ఈ డిస్క్‌ని డైనమిక్‌గా మార్చనా' అని అమాయకంగా అడుగుతుంది. పొరపాటున కూడా యస్ కొట్టకండి. డైనమిక్ డిస్క్ మీద లినక్స్ వేయడం మామూలు వాళ్ల వల్ల అయ్యే పని కాదు.

ఇక పెన్‌డ్రైవ్. లినక్స్ మింట్ ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టాల్‌కి కావాల్సినదంతా ఉన్న ఒకే ఫైల్) దాని సొంత సైట్ నుంచే దించుకోండి. 4 జీబీ ర్యామ్‌తోనే నెట్టుకురావాలంటే తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్, 8 చేయించుకుంటే సినమన్ ఎడిషన్ తీసుకోండి. రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో కానీ బలేనాఎచర్‌తో కానీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ఖాళీదే వాడండి. కంప్యూటర్ ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాపుల్లో ఎస్కేప్.

పెన్‌డ్రైవ్ నుంచి మింట్ తెరుచుకున్నాక వెంటనే ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కొద్దు. అలాగే ఓ పూట వాడి చూడండి, డిస్క్‌ని అది ముట్టుకోదు. వైఫై కనెక్ట్ అవుతోందా? సౌండ్ వస్తోందా? బ్రైట్‌నెస్ బటన్లు పనిచేస్తున్నాయా? మూత వేసి తీస్తే మేలుకుంటోందా? ప్రింటర్ కనిపిస్తోందా? పాత ల్యాప్‌టాపుల్లో బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉంటే మొదట నెట్ రాకపోవచ్చు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, డ్రైవర్ మేనేజర్ నుంచి కావాల్సిన డ్రైవర్ వేసుకోవచ్చు.

అన్నీ బాగుంటేనే ఇన్‌స్టాల్ నొక్కండి, చార్జర్ పెట్టి ఉంచండి. భాష, కీబోర్డు అడిగాక 'ఇన్‌స్టలేషన్ టైప్' అనే పేజీ వస్తుంది. ఇక్కడ ఆగి, ప్రతి మాటా చదవండి. విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేయడానికి 'ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్' అని ఒకటి, మొత్తం చెరిపేయడానికి 'ఎరేజ్ డిస్క్' అని ఒకటి, చేత్తో పార్టిషన్లు ఎంచుకోవడానికి 'సమ్‌థింగ్ ఎల్స్' అని ఇంకోటి ఉంటాయి. వెర్షన్‌ని బట్టి మాటలు కాస్త మారొచ్చు. మీకు కావాల్సింది మొదటిది. అది అసలు కనిపించకపోతే, ఇన్‌స్టాలర్‌కి మీ విండోస్ కనబడటం లేదని అర్థం. ఆ పరిస్థితిలో 'ఎరేజ్' ఒక్కటే ముందుంటే, ఇంకేదీ లేదు కదా అని అదే నొక్కినవాళ్ల ఫొటోల కోసం నేను రికవరీ సాఫ్ట్‌వేర్‌లతో కుస్తీ పట్టాల్సి వచ్చింది. కనిపించకపోతే క్విట్ కొట్టి బయటికి రండి, ఏమీ పోదు. ముందు ఆ బయోస్ మోడ్ సరిపోయిందో చూడండి. సరిపోతే, బయోస్‌లో స్టోరేజ్ 'రైడ్' మోడ్‌లో ఉందేమో చూడండి. రైడ్, ఏహెచ్‌సీఐ అనేవి కంప్యూటర్ డిస్క్‌తో మాట్లాడే రెండు పద్ధతులు. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి కానీ, ఉన్నపళంగా మారిస్తే విండోస్ తెరుచుకోదు. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా సెట్ చేసి, అప్పుడు బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, మళ్లీ మామూలుగా తెరవాలి.

ఇన్‌స్టాల్ అయ్యాక కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ గ్రబ్ అనే మెనూ కొన్ని సెకన్లు కనిపిస్తుంది. బాణం కీలతో లినక్సో విండోసో ఎంచుకోవడమే. మీ లెక్కలు విండోస్‌లో చూసుకోండి. బ్యాంకు పనులు, మెయిల్, వీడియోలు, నెట్‌తో పనున్నవన్నీ మాత్రం లినక్స్‌కి మార్చేసుకోండి. సపోర్ట్ అయిపోయిన సిస్టమ్‌తో నెట్‌లో తిరగకుండా ఉండటానికే కదా ఇదంతా.

ప్రశ్న: మింట్ ఇన్‌స్టాల్ పూర్తయిందని వచ్చింది. రీస్టార్ట్ చేస్తే మాత్రం ఏ మెనూ లేకుండా నేరుగా విండోస్‌లోకే వెళ్తోంది. బయోస్‌లో కూడా మింట్ అనే పేరు ఎక్కడా లేదు. మళ్లీ మొదటి నుంచి చేయాలా?

జవాబు: వద్దు. బయోస్ బూట్ లిస్టులో మింట్ అని కాదు, 'ఉబుంటు' అని ఉందేమో చూడండి. మింట్‌ని ఉబుంటు మీద ఆధారపడి తయారు చేస్తారు, యూఈఎఫ్ఐ లిస్టులో అది ఆ పేరుతోనే నమోదవుతుంది. దాన్ని 'విండోస్ బూట్ మేనేజర్' కన్నా పైకి జరిపి సేవ్ చేయండి. కొన్ని పాత మోడళ్లు మన ఆర్డర్‌ని లెక్కచేయకుండా విండోస్‌నే పట్టుకుంటాయి. అలాంటి మెషీన్‌లో ఆన్ చేసినప్పుడల్లా బూట్ మెనూ కీ నొక్కి ఎంచుకోవడమే తేలిక.

ఉబుంటు అనే పేరు కూడా లేకపోతే, విండోస్ యూఈఎఫ్ఐలో ఉండగా పెన్‌డ్రైవ్‌ని లెగసీలో బూట్ చేసి ఉంటారు. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. దాంతో తెరిచి, ఇంతకుముందు లినక్స్‌కి ఇచ్చిన పార్టిషన్‌లోనే మళ్లీ వేయండి.

ఇంకో మాట. ఇన్‌స్టాల్ అప్పుడు అదనపు డ్రైవర్ల కోసం ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగి ఉంటే, మొదటి రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ మీద 'మోక్ మేనేజ్‌మెంట్' అని వస్తుంది. వైరస్ అనుకుని భయపడకండి, ఆ డ్రైవర్లను నమ్మమని కంప్యూటర్‌కి చెప్పే పేజీ అది. 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వండి.

ప్రశ్న: నేను డీటీపీ పని చేస్తాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, విండోస్ 7. కోర్ 2 డ్యువో డెస్క్‌టాప్. పదేళ్ల పుస్తకాల ఫైళ్లన్నీ ఇందులోనే. విండోస్ 7లో బ్రౌజర్లు కొత్తవి రావడం లేదు, మెయిల్ తెరవడమే కష్టంగా ఉంది. దీనికి లినక్స్ వేస్తే పేజ్‌మేకర్‌కి ఏమైనా అవుతుందా?

జవాబు: రెండో సిస్టమ్ అవసరం నిజంగా ఉన్నది మీకే. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14న ముగిసింది. దానికి నెట్ పెట్టడమంటే ఆ పదేళ్ల ఫైళ్లని వీధిలో పెట్టడమే. అలాగని పేజ్‌మేకర్‌ని వదులుకోలేరు, అందులోని పాత ఫైళ్లు సరిగ్గా తెరుచుకునేది అక్కడే.

మీది డెస్క్‌టాప్ కాబట్టి పార్టిషన్ల జోలికే పోవద్దు. ఇంకో డిస్క్ కొనండి, చిన్న ఎస్ఎస్‌డీ అయినా చాలు. పవర్ ప్లగ్ తీసేసి, క్యాబినెట్ పక్క మూత విప్పండి. విండోస్ ఉన్న డిస్క్‌కి రెండు కేబుళ్లు వెళ్తుంటాయి, వెడల్పుది పవర్, సన్నది డేటా. ఆ సన్నదాన్ని డిస్క్ నుంచి మెల్లగా లాగేయండి. ఇప్పుడు కొత్త డిస్క్ ఒక్కటే తగిలించి, పెన్‌డ్రైవ్‌తో లినక్స్ వేయండి. ఇక్కడ 'ఎరేజ్ డిస్క్' ధైర్యంగా నొక్కొచ్చు, ఎందుకంటే చెరపడానికి ఆ కొత్తది తప్ప ఇంకోటి లేదు. పూర్తయ్యాక పవర్ ఆపి, పాత డిస్క్ కేబుల్ మళ్లీ పెట్టేయండి. ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలో ఏ డిస్క్ కావాలో ఎంచుకుంటారు. రెండింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధమే ఉండదు. ఒక డిస్క్ పాడైనా రెండోది నడుస్తుంది. అవకాశం ఉన్న ప్రతివాళ్లకీ నేను చెప్పేది ఈ పద్ధతే.

మీ విండోస్ 7 బహుశా 32 బిట్ అయి ఉంటుంది. దాన్ని చూసి ప్రాసెసర్ కూడా 32 బిట్ అనుకోకండి. కోర్ 2 డ్యువో 64 బిట్ ప్రాసెసరే, ఇప్పటి మింట్ తీసుకుంటుంది. ఆ తర్వాత విండోస్ 7లోకి వెళ్లి డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌ని డిసేబుల్ చేసేయండి.

లినక్స్ నుంచి పాత డిస్క్‌లోని ఫైళ్లు కనిపిస్తాయి. కానీ అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్‌ని అక్కడ తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. ఫైల్ పాడవలేదు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే ఉమ్మడి అక్షర పద్ధతి) కాదు, అక్షరాల బొమ్మలన్నీ ఆ ఫాంట్‌లోనే ఉన్నాయి. పేజ్‌మేకర్‌లోనే పీడీఎఫ్ చేసి, ఫాంట్లు అందులో ఇమిడిపోయేలా చూసుకుంటే ఎక్కడైనా సరిగ్గా కనిపిస్తుంది. రచయితలకి పంపే ప్రూఫులు అలా పంపండి. మళ్లీ దిద్దాల్సిన మ్యాటర్ అయితే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక ఒత్తులు, అరసున్నాలు ఒకసారి కంటితో చూడటం తప్పదు.

లినక్స్‌లో తెలుగు టైపింగ్‌కి ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌తో పాటు ఎం17ఎన్ అనే కీబోర్డు లేఅవుట్ల ప్యాకేజీ వేసుకోండి. అందులో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ లేఅవుట్లు ఉన్నాయి. అనులో మీరు వాడే కీబోర్డుతో ఏది కలుస్తుందో ఒక పేరా కొట్టి చూస్తే మీ వేళ్లే చెప్తాయి.

ప్రశ్న: లినక్స్ నుంచి విండోస్‌కి వెళ్లినప్పుడల్లా టైమ్ గంటల తేడాతో తప్పు చూపిస్తోంది. బ్యాటరీ పోయిందా?

జవాబు: బ్యాటరీ పోతే తేదీ కూడా ఏళ్లు వెనక్కి పోతుంది. మీది వేరే సంగతి. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, లినక్స్ దాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చూస్తుంది. ఒకటి దిద్దితే రెండోదానికి తప్పవుతుంది. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లోకల్ ఆర్‌టీసీ ఆప్షన్ ఆన్ చేసి, విండోస్‌లో ఒక్కసారి టైమ్ సరిచేయండి.

ప్రశ్న: 2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న నెట్‌బుక్ ఉంది. లినక్స్ వేస్తే కొత్తదానిలా పరిగెడుతుందని విన్నాను. నిజమేనా?

జవాబు: సిస్టమ్ వరకు చురుగ్గానే ఉంటుంది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మళ్లీ మామూలే, ఎందుకంటే ఇప్పటి వెబ్‌సైట్లకే ఆ ర్యామ్ చాలదు. రాసుకోవడానికి, పాటలకి, పీడీఎఫ్‌లు చదవడానికి అయితే వేయండి. ప్రాసెసర్ 64 బిట్ అయితే మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ ప్రయత్నించండి, 32 బిట్ అయితే యాంటీఎక్స్ అనే తేలికపాటి లినక్స్ చూడండి. అంత చిన్న మెషీన్‌లో రెండు సిస్టమ్‌లు ఇరికించడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఏదో ఒకటే ఉంచండి.

ప్రశ్న: ఏడాదిగా రెండూ ఉన్నాయి. లినక్స్ నాకు పనికిరాలేదు, తీసేద్దామనుకుంటున్నాను. ఆ పార్టిషన్ డిలీట్ చేస్తే సరిపోతుందా?

జవాబు: ఇంకా చేయలేదు కదా, ఆగండి. చాలామంది విండోస్‌ని పోగొట్టుకున్నామని బెంబేలెత్తేది వేసేటప్పుడు కాదు, తీసేటప్పుడు. గ్రబ్ మెనూకి కావాల్సిన ఫైళ్లు లినక్స్ పార్టిషన్‌లోనే ఉంటాయి. దాన్ని చెరిపేసి రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్ మీద 'గ్రబ్' అనో 'గ్రబ్ రెస్క్యూ' అనో మాత్రం వస్తుంది. విండోస్ లోపల క్షేమంగానే ఉంటుంది, దాని దగ్గరికి వెళ్లే దారే ఉండదు.

అందుకే ముందు దారి మార్చాలి. యూఈఎఫ్ఐ అయితే బయోస్‌లోకి వెళ్లి 'విండోస్ బూట్ మేనేజర్'ని మొదటి స్థానంలో పెట్టి, ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేయండి. గ్రబ్ కనిపించకుండా నేరుగా విండోస్ తెరుచుకోవాలి. లెగసీ అయితే విండోస్ రికవరీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, దాంతో బూట్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ ప్రోగ్రామ్‌ని ఫిక్స్ఎంబీఆర్ ఆప్షన్‌తో నడపండి. నా టేబుల్ సొరుగులో లినక్స్ పెన్‌డ్రైవ్ పక్కనే ఇదీ ఎప్పుడూ ఉంటుంది. రెండు సిస్టమ్‌లు వాడే ప్రతివాళ్ల దగ్గరా ఉండాలి.

నేరుగా విండోస్ వస్తోందని తేలాకే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. లినక్స్ పార్టిషన్‌కి డ్రైవ్ అక్షరం ఉండదు, మీరు అప్పట్లో ఇచ్చిన సైజును బట్టి గుర్తుపట్టండి. దాన్ని డిలీట్ చేసి, ఆ ఖాళీని పక్క డ్రైవ్‌కి 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్'తో కలుపుకోండి. ఆ ఖాళీ సరిగ్గా ఆ డ్రైవ్‌కి కుడిపక్కనే ఉంటేనే ఎక్స్‌టెండ్ పనిచేస్తుంది. లేకపోతే దాన్ని కొత్త డ్రైవ్‌గా చేసుకుని వాడుకోండి. అక్కడే వంద మెగాబైట్లో రెండు వందల మెగాబైట్లో ఉన్న 'ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్' అని ఒకటి కనిపిస్తుంది, అది విండోస్‌ది కూడా. దాన్ని మాత్రం ముట్టుకోకండి.